నీరు పల్లమెరుగు

“నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు” అన్నది తెలుగువారి నోట తరతరాలుగా నానుతున్న సామెత. అందులోని మొదటి సగం ఒక ప్రకృతి నియమం. వాన ఎక్కడ కురిసినా నీరు తన దారిని తానే వెతుక్కుంటూ పల్లానికి చేరుతుంది. ఆ నియమాన్ని గుర్తించిన పూర్వులు పల్లాన్ని నీటికి విడిచిపెట్టారు, మెరక మీద ఊరు కట్టుకున్నారు, చెరువు కట్ట దిగువన పొలం దున్నుకున్నారు. ఊరికి, పొలానికి, నీటికి వేరువేరు చోట్లు ఏర్పరచిన ఆ వివేకానికి రూపమే చెరువు. గత అర్ధశతాబ్దంలో నగరాలు విస్తరించినకొద్దీ ఆ ఏర్పాటు చెదిరిపోయింది. నీటికి విడిచిన పల్లం ఇంటిస్థలంగా మారింది. ఈ మార్పు ఎలా జరిగిందో, దాని ఫలితాన్ని ఎవరు అనుభవిస్తున్నారో తెలుసుకోవడానికి హైదరాబాదు నగర చరిత్ర ఒక చక్కని ఉదాహరణ.

తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో వాన ఏడాది పొడవునా కురవదు. అత్యధిక భాగం కొద్ది నెలలలోనే, అందులోనూ కొద్ది రోజులలోనే కురిసి వెలిసిపోతుంది. అడుగున గట్టి రాయి ఉన్న నేల కావడంవల్ల ఆ నీటిలో ఎక్కువ భాగం ఇంకకుండా పారిపోతుంది. పారే నీటిని నిలిపితేనే ఇక్కడ బ్రతుకు సాగుతుంది. అందుచేతనే తటాక నిర్మాణాన్ని పెద్దలు సప్తసంతానాలలో ఒకటిగా లెక్కించారు. కాకతీయుల కాలంలో వెలసిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు నేటికీ నీరిస్తున్నాయి. కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు 1369లో వేయించిన శాసనం చెరువు నిర్మాణానికి ఒక చిన్న శాస్త్రగ్రంథం వంటిది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు సాధనాలను, ఉండరాని ఆరు దోషాలను అది పేర్కొన్నది. నీటి రాక తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీటి రాక ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం కూడా ఆ దోషాలలో ఉన్నాయి. చెరువును గుంతగా కాక, రాకకూ పోకకూ మధ్య కుదిరిన సమతౌల్యంగా ఆ శాసనకర్త చూశాడని దీనినిబట్టి గ్రహించవచ్చు.

చెరువు అనగానే కంటికి కనిపించే నీటి పరపు మాత్రమే మనసులో మెదులుతుంది. నిజానికి చెరువుకు అనేక అంగాలున్నాయి. వాననీరు జారివచ్చే ఎగువ నేల దాని పరీవాహక ప్రాంతం. ఆ నీటిని చెరువులోకి చేర్చే వాగులు, వంకలు, కాలువలు దాని నాడులు. నీటిని ఆపేది కట్ట. పొలానికి కావలసినంత నీటిని విడిచేది తూము. నిండిన తరువాత మిగులు నీటిని బయటకు పంపేది అలుగు. దీనినే తెలంగాణలో మత్తడి అనీ, రాయలసీమలో మరువ అనీ అంటారు. నీరు అలుగు అంచును తాకినప్పుడు చెరువు ఎంతమేర పరచుకొని ఉంటుందో అదే దాని పూర్తిస్థాయి నీటిమట్టం. అధికారుల భాషలో దీనిని ఎఫ్.టి.ఎల్. అంటారు. ఆ హద్దుకు లోపలనున్న నేల శిఖం భూమి. తూములెత్తి, దించి, నీటిని పంచిపెట్టడానికి ఊరూరా ఒక మనిషి ఉండేవాడు. అతనిని తెలంగాణలో నీరటి అనీ, రాయలసీమలో నీరుగంటి అనీ పిలిచేవారు.

ఏ చెరువూ ఒంటరిది కాదు. ఎగువ చెరువు అలుగు పారితే ఆ నీరు కాలువగుండా దిగువ చెరువుకు చేరుతుంది. అది నిండి అలుగు పారితే ఆ కిందిదానికి చేరుతుంది. ఇలా ఒకదానినొకటి అందుకుంటూ, చివరకు వాగులోనో నదిలోనో కలిసే వీటిని గొలుసుకట్టు చెరువులు అంటారు. గొలుసులో ఒక్క లంకె తెగినా రెండు విధాల నష్టం కలుగుతుంది. దిగువ చెరువు ఎండిపోతుంది. ఎగువ చెరువు నీటికి పోయే దారి లేకుండాపోతుంది. కరవుకూ ముంపుకూ ఒకే కారణం కావడం ఈ వ్యవస్థలోని విశేషం.

చెరువుల అంచులు, వాగుల ఒడ్డున నీరు నిలిచే పల్లపు నేలలు, మడుగులు, బురదనేలలు, వీటన్నింటినీ కలిపి చిత్తడి నేలలు అంటారు. ఏడాదిలో కొంతకాలం నీటిలోను, కొంతకాలం గాలిలోను ఉండడం ఇటువంటి నేలలలో అనేకం యొక్క స్వభావం. దక్కను చెరువులు సాధారణంగా లోతు తక్కువవి. అందువల్ల నీటిమట్టం కొద్దిగా దిగినా అంచున విశాలమైన నేల బయటపడుతుంది. చూసేవారికి అది బీడుగా కనిపిస్తుంది. ప్రాణికోటికి మాత్రం చెరువు మొత్తంలో అత్యంత విలువైన భాగం అదే. తుంగ, జమ్ము మొలిచేది అక్కడ. కప్పలు గుడ్లు పెట్టేది, చేపపిల్లలు తలదాచుకునేది ఆ పలుచని నీటిలోనే. కొంగలు నిలబడి వేటాడగలిగేది మోకాలిలోతు నీటిలో మాత్రమే. తీతువు పిట్ట గూడు కట్టదు. నేలమీది చిన్న గుంటలో గులకరాళ్ళ నడుమ గుడ్లు పెడుతుంది. శీతకాలంలో హిమాలయాలకు ఆవలనుండి వచ్చే వలసపక్షులలో పలు జాతులు లోతునీటిని కాక ఈ బురద అంచులనే ఆశ్రయిస్తాయి.

మనిషికి కూడా ఈ అంచు ఎంతో ఇచ్చింది. వేసవిలో నీరు దిగిన శిఖంలో రైతులు ఒక పంట తీసుకునేవారు. పూడిక మట్టిని బండ్లతో తోలుకొని చేలకు ఎరువుగా చల్లేవారు. గంగపుత్రులు, ముదిరాజులు చేపలు పట్టేవారు. రజకులు రేవుల్లో బట్టలు ఉతికేవారు. పశువులు నీరు తాగి గట్టున మేసేవి. కట్టమీద మైసమ్మ కొలువుదీరేది. బతుకమ్మను పేర్చి ఆడిన స్త్రీలు చివరకు ఆ పూలను చెరువునీటికే అప్పగించేవారు. ఒక చెరువు మాయమైతే నీటితోపాటు ఇన్ని వృత్తులు, ఇన్ని ఆచారాలు నిలువనీడ కోల్పోతాయి.

చిత్తడి నేల చేసే పనిని లెక్కలో చూస్తే దాని విలువ మరింత స్పష్టమవుతుంది. ఒక హెక్టారు నేలపై 10 సెంటీమీటర్ల వాన కురిస్తే 10 లక్షల లీటర్ల నీరు చేరుతుంది. పది హెక్టార్ల చెరువు తన మట్టాన్ని ఒక్క మీటరు పెంచుకుంటే 10 కోట్ల లీటర్లు నిలుపుకుంటుంది. పదివేల లీటర్లు పట్టే ట్యాంకరు లారీలు పదివేలు కలిస్తే మోయగలిగినంత నీరది. ఆ నీరు మెల్లమెల్లగా నేలలోకి ఇంకి చుట్టుపక్కల బావులకు ఊటనిస్తుంది. జమ్ము, తుంగ వంటి మొక్కల వేళ్ళు, వాటిని అంటుకొని ఉండే సూక్ష్మజీవులు నీటిలోని మలినాలను కొంతవరకు హరిస్తాయి. ఏ యంత్రమూ, ఏ విద్యుత్తూ లేకుండా జరిగే ఈ సేవకు వెల కట్టేవారు లేరు. అదే నేలను ఇంటిస్థలాలుగా విభజిస్తే మాత్రం గజానికి ఇంత అని వెల పలుకుతుంది. ఈ రెండింటి మధ్యనున్న వ్యత్యాసమే నేటి సమస్యకు మూలం.

హైదరాబాదు చెరువుల నడుమ పుట్టిన నగరం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నగరానికి పునాది వేయడానికి దాదాపు మూడు దశాబ్దాల ముందే, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌సాగర్ నిర్మితమైంది. తరువాతి కాలంలో మీరాలం చెరువుకు ఇరవయ్యొక్క కమానుల విశిష్టమైన రాతికట్ట కట్టారు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన ఘోరమైన వరదలో వేలాదిమంది మరణించారు. ఆ విషాదం తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. వరదను నగరానికి ఎగువనే పట్టి నిలపాలన్న ఆయన సూచన ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నీటిని ఎదిరించక, దానికొక చోటు కల్పించడమే ఆ మహనీయుడు ఎంచుకున్న మార్గం.

నగరంలోని పేటల పేర్లలో పాత చెరువులు ఇప్పటికీ వినిపిస్తాయి. నల్లకుంట, బతుకమ్మకుంట, మాసాబ్ ట్యాంక్ వంటివి అటువంటి పేర్లే. మాసాబ్ ట్యాంక్ వద్ద ఒకనాటి చెరువు గర్భంలో నేడు ఉద్యానవనం ఉన్నది. నగరం పెరిగేకొద్దీ చుట్టుపక్కల గ్రామాలు దానిలో కలిసిపోయాయి. 2007లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామపంచాయతీలను కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పరచారు. 2011 జనాభా లెక్కల నాటికి ఆ పరిధిలో 67 లక్షలమందికి పైగా నివసిస్తున్నారు. ఇంతమందికి ఇళ్ళు కావాలి. గ్రామం నగరంగా మారినప్పుడు వరిపొలం ఇంటిస్థలమవుతుంది. పొలం లేనిచోట తూము నిరుపయోగమవుతుంది. ఆయకట్టు రైతు లేని చెరువుకు కాపలాదారు ఉండడు. చెరువు మొదట తన మనిషిని పోగొట్టుకొని, ఆ తరువాత తన నేలను పోగొట్టుకుంటుంది.

చెరువు ఒక్కరోజులో మాయం కాదు. అది క్రమక్రమంగా, చాలావరకు కంటికి ఆనకుండా జరిగే ప్రక్రియ. మొదట దెబ్బతినేది నీరు నిలిచిన భాగం కాదు. నీరు వచ్చే దారి. ఎగువన ఒక లేఅవుటు వెలుస్తుంది. దాని రోడ్డు కాలువను అడ్డంగా దాటుతుంది. ఆరడుగుల కాలువ ఒక సన్నని గొట్టంగా మారుతుంది. కొద్ది ఏళ్ళకు ఆ గొట్టం మట్టితోను, ప్లాస్టిక్ సంచులతోను పూడుకుంటుంది. నీటి రాక తగ్గిన చెరువు పూర్తిగా నిండడం మానుకుంటుంది. రెండు మూడేళ్ళు వరుసగా వానలు లేకపోతే శిఖం బీటలు వారుతుంది. అప్పుడు రాత్రివేళ లారీలు వచ్చి కూల్చిన కట్టడాల శిథిలాలను అంచున పోసిపోతాయి. మెరక పెరుగుతుంది. తెల్లసున్నంతో గీతలు గీసి రాళ్ళు పాతుతారు. వెలసిన ఇళ్ళలోకి నీరు రాకుండా అలుగును పగులగొట్టి మట్టాన్ని తగ్గించిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇక మురుగునీటి పారుదల వసతి లేని కొత్త కాలనీల మురుగు అంతా మిగిలిన నీటిలోకి చేరుతుంది. గుర్రపుడెక్క అల్లుకుంటుంది, దుర్వాసన వ్యాపిస్తుంది. ఈ మురికిగుంటను పూడ్చివేయడమే మేలని చివరకు చుట్టుపక్కలవారే కోరే స్థితి వస్తుంది.

ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉన్నది. మట్టినేల కొంత నీటిని పీల్చుకుంటుంది. ఇంటికప్పు, సిమెంటు వాకిలి, తారురోడ్డు పీల్చుకోలేవు. అందుచేత ఇళ్ళు పెరిగినకొద్దీ అదే వానకు మునుపటికంటె ఎక్కువ నీరు, మునుపటికంటె వేగంగా పారుతుంది. అంటే చెరువు కుదించుకుపోతున్న కాలంలోనే అది మోయవలసిన బరువు పెరుగుతున్నదన్నమాట. వేసవిలో బోరుబావులు ఎండి ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధే, వానకాలంలో మోకాలిలోతు నీటిలో మునగడానికి ఇదే కారణం.

2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసింది. లోతట్టు కాలనీలు నీటిలో చిక్కుకున్నాయి. 2020 అక్టోబరు 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ పరిసరాలలో 30 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం నమోదయింది. ఆ రాత్రి పల్లె చెరువు కట్ట తెగి దిగువనున్న కాలనీలను వరద ముంచెత్తింది. కొద్ది రోజులకే బాలాపూర్ వద్ద గుర్రం చెరువుకు కూడా గండిపడింది. ఫాక్స్‌సాగర్ నిండి పొంగడంతో ఉమామహేశ్వర కాలనీ అనేక దినాలు నీటిలోనే ఉండిపోయింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. వేలాది కుటుంబాలవారు బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు సమస్తం పోగొట్టుకున్నారు. అది అసాధారణమైన వర్షమే. కాని అంతటి వర్షాన్ని మోయడానికి ఉద్దేశించిన చోటులో ఇళ్ళు ఉండడంవల్లనే అది అంతటి విపత్తుగా పరిణమించింది.

ఈ ఇళ్ళను కొన్నవారందరూ దురాక్రమణదారులు కారు. వారిలో అధికులు జీవితకాలపు కష్టార్జితాన్ని వెచ్చించి, బ్యాంకులో అప్పు చేసి, ఒక గూడు ఏర్పరచుకున్న సామాన్యులు. అమ్మినవారు పత్రాలు చూపించారు. రిజిస్ట్రేషన్ జరిగింది. విద్యుత్తు వచ్చింది, నల్లా వచ్చింది, ఇంటిపన్ను రసీదు చేతికందింది. ఇన్ని ఆమోదముద్రలు పడిన ఇల్లు చెరువులో ఉన్నదని ఒకనాడు నోటీసు వస్తే ఆ కుటుంబం ఎవరిని అడగాలి? రిజిస్ట్రేషన్ అనేది అమ్మకానికి సాక్ష్యమే తప్ప, ఆ నేల నివాసయోగ్యమైనదని ఇచ్చే హామీ కాదన్న విషయం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. పైగా అనేక చెరువులలో ఎఫ్.టి.ఎల్. హద్దుకు లోపల కూడా పట్టాభూములు ఉన్నాయి. నీరు దిగినప్పుడు అక్కడ సాగు చేసుకోవచ్చు. కట్టడాలు మాత్రం నిర్మించరాదు. ఈ తేడాను మరుగుపరచి అమ్మినవాడు లాభపడి వెళ్ళిపోతాడు. నష్టం చివరిగా కొన్నవాడి నెత్తిన పడుతుంది. చెరువుల ఆక్రమణ ప్రకృతికి జరిగే అన్యాయమే కాక, మనిషికి మనిషి చేసే మోసం కూడా అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

చట్టాలు లేకపోలేదు. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల పరిరక్షణకై అంతర్జాతీయ ఒడంబడిక కుదిరింది. భారతదేశం 1982లో అందులో చేరింది. 2002లో కొల్లేరుకు రామ్‌సర్ జాబితాలో స్థానం లభించింది. దేశంలో చిత్తడి నేలల సంరక్షణ నియమాలు 2010లో రూపొంది, 2017లో సవరింపబడ్డాయి. అయితే తాగునీటికి, సాగునీటికి ప్రత్యేకంగా నిర్మించిన జలాశయాలను 2017 నాటి నియమాలు తమ నిర్వచనంనుండి మినహాయించాయి. తెలుగునాట చెరువులలో అత్యధికం సాగుకై కట్టినవే కనుక, వాటి రక్షణభారం ప్రధానంగా రాష్ట్ర చట్టాలపైన, స్థానిక సంస్థలపైన పడింది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చింది. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్.టి.ఎల్. నుండి 30 మీటర్లు, అంతకంటె చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీగా విడిచిపెట్టాలని నిర్దేశించాయి. కాలువకు కూడా దాని వెడల్పునుబట్టి ఇరువైపులా చోటు వదలాలని ఆదేశించాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణకై 1996లో వెలువడిన 111వ నంబరు ఉత్తర్వు, వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలలో కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద నివాస సముదాయాలను నిషేధించింది. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ ప్రభుత్వం మరొక ఉత్తర్వు జారీచేయడంతో ఆ జలాశయాల భవితవ్యం మరల చర్చకు వచ్చింది.

న్యాయస్థానాలు కూడా ఈ విషయమై స్పష్టంగా మాట్లాడాయి. తిరుపతిలో అవిలాల, పేరూరు చెరువుల భూములను గృహనిర్మాణానికి కేటాయించినప్పుడు స్థానికులు న్యాయపోరాటం సాగించారు. 2006లో సుప్రీంకోర్టు ఆ వివాదంలో తీర్పు చెప్పింది. ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేననీ, ప్రజల తరఫున వాటిని కాపాడడం దాని బాధ్యత అనీ ప్రకటించింది. అప్పటికే కట్టిన ఇళ్ళను కూల్చమనలేదు. ఇక మీదట కొత్త నిర్మాణాలు కూడదన్నది. పేరూరు చెరువుకు నీరు తెచ్చే వంకను శుభ్రపరచి పునరుద్ధరించాలనీ, అక్కడ కట్టిన ప్రతి ఇంటా కప్పుపై కురిసిన వాననీటిని నిలుపుకొనే ఏర్పాటు ఉండాలనీ ఆదేశించింది. చెరువును కాపాడాలంటే ముందు దాని దారిని కాపాడాలన్న పాత వివేకం ఈ తీర్పులో మరల పలికింది.

హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ పరిధిలో మూడు వేలకు పైగా చెరువులను, కుంటలను గుర్తించారు. వాటి హద్దులను నిర్ణయించే పని ఏళ్ళ తరబడి సాగింది. 2024 జూలైలో విపత్తు నివారణకు, ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణకు హైడ్రా అనే సంస్థ ఏర్పడింది. అది చెరువులలోని కట్టడాలను కూల్చివేయడం ఆరంభించినప్పుడు ప్రజలలో హర్షము, ఆందోళన రెండూ వ్యక్తమయ్యాయి. ఇన్నాళ్ళకు చెరువులకు దిక్కు దొరికిందని కొందరు సంతోషించారు. అనుమతులిచ్చినవారిని విడిచి నివసించేవారిని శిక్షించడం న్యాయమా అని మరికొందరు ప్రశ్నించారు. రెండు మాటలలోను సత్యమున్నది. కూల్చివేత ఆలస్యంగా చేసే చికిత్స. ముందుగానే హద్దురాయి పాతి, పటాన్ని అందరికీ అందుబాటులో ఉంచి, అనుమతి ఇచ్చేవేళనే నిరాకరించి ఉంటే ఆ చికిత్స అవసరమే కలిగేది కాదు. అంబర్‌పేటలో చెత్తతో, పొదలతో నిండిపోయిన బతుకమ్మకుంటను తవ్వి 2025లో పునరుద్ధరించారు. పేరు మాత్రమే మిగిలిన కుంట తిరిగి నీటిని చూసింది. పల్లాన్ని నీటికి తిరిగి అప్పగిస్తే నీరు తప్పక వస్తుందనడానికి అది తార్కాణం.

అయితే నీరున్నంత మాత్రాన చెరువు బ్రతికి ఉన్నదని చెప్పలేము. సుందరీకరణ పేరిట చుట్టూ నిలువెత్తు గోడ కట్టి, పలుచని అంచును పూడ్చి నడకబాట వేసి, రాత్రంతా దీపాలు వెలిగిస్తే అది అందమైన తొట్టి కావచ్చును గాని చిత్తడి నేల కాజాలదు. కొంగకు నిలబడే చోటుండదు. తీతువుకు గుడ్లు పెట్టే చోటుండదు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. రాజహంసలు సైతం విడిదిచేసే ఆ చెరువు చుట్టూ నేడు బహుళ అంతస్తుల భవనాలు మొలిచాయి. చెరువు చుట్టూ ఇళ్ళుండడమే తప్పు కాదు. పక్షికి కావలసిన బురదను, రెల్లును, చీకటిని, నిశ్శబ్దాన్ని కొంత విడిచిపెట్టగలమా అన్నదే ప్రశ్న.

ఇల్లు మనిషికి ప్రాథమికావసరం. దానిని కాదనే పర్యావరణ వాదం నిలువదు. నగరంలో పేదవాడికి భరించగలిగే వెలకు మెరకనేల దొరకనప్పుడే అతడు పల్లానికి చేరుతున్నాడు. కనుక చెరువులను కాపాడే ప్రణాళికలో అందరికీ గృహవసతి కల్పించే ప్రణాళిక కూడా భాగం కావాలి. ప్రతి చెరువుకు హద్దు ఎంత ముఖ్యమో, ఒక చెరువుకూ మరొక చెరువుకూ నడుమనున్న కాలువకు హద్దు అంతే ముఖ్యం. లేఅవుటుకు అనుమతి ఇచ్చేముందు వానకాలంలో ఆ నేలను చూడాలి. వేసవిలో చూస్తే ప్రతి శిఖమూ బీడుగానే కనిపిస్తుంది. స్థలం కొనదలచినవారు దస్తావేజుతోపాటు గ్రామపటాన్ని, చెరువు ఎఫ్.టి.ఎల్. పటాన్ని పరిశీలించాలి. ఆ ఊరి వృద్ధులను ఒక్కమాట అడగాలి. చెరువు నిండినప్పుడు నీరు ఎందాక వచ్చేదో వారికి తెలుసు.

భారత రాజ్యాంగంలోని 51ఎ అధికరణం అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను రక్షించడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని పేర్కొన్నది. ఆ విధిని నిర్వర్తించడానికి గొప్ప త్యాగాలు అవసరం లేదు. ఊరి చెరువుకు నీరు ఏ దారిన వస్తున్నదో, నిండితే ఏ దారిన పోతున్నదో తెలిసి ఉండడం మొదటి మెట్టు. ఆ దారిలో చెత్త పోయకుండా చూడడం రెండవ మెట్టు. ఆ దారి మూసుకుపోతున్నప్పుడు గ్రామసభలోనో, వార్డు సమావేశంలోనో నిలబడి అడగడం మూడవ మెట్టు. నీరు పల్లమెరుగును. ఆ పల్లం ఎక్కడున్నదో మనిషి ఎరిగి, దానిని విడిచి ఇల్లు కట్టుకొన్నప్పుడే నీరూ నిలుస్తుంది, ఇల్లూ నిలుస్తుంది.